కళ్లు మెరవకపోతే పందే అనుకోవద్దు

జూలూరుపాడు, ఏన్కూరు మధ్య ఫిబ్రవరి రాత్రుల్లో మొక్కజొన్న చేల గట్ల మీద తరచూ వినిపించే మాట ఒకటుంది. "అదిగో సారూ, కదిలింది. కొట్టండి!"

అనేది రైతు. వారం రోజులుగా నిద్ర మానుకొని కావలి కాస్తున్నవాడు. పాలుపట్టిన కంకులు పందులు నమిలి పారేసిన కడుపుమంట ఆ గొంతులో ఉంటుంది. మంచె మీద తుపాకీ పట్టుకొని కూర్చున్న మనిషి వేలికి ఆ మాట నేరుగా తగులుతుంది. అప్పుడు ఆలోచన మొదలుపెడితే జంతువు వెళ్లిపోతుంది. ఆలోచించకుండా పేలిస్తే ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

ఈ నాలుగు మాటలు ఆ మంచె మీది మనిషి కోసం. అటవీశాఖ అనుమతితో అడవి పందుల్ని కాల్చడానికి వచ్చే షూటర్, అతని పక్కన టార్చి పట్టే కుర్రాడు, వెంట ఉండే బీట్ ఆఫీసర్, పిలిపించుకున్న రైతు, ఈ నలుగురికీ పనికొస్తాయి. చెప్పదలచుకున్నది ఒక్కటే. రాత్రి పేల్చే తూటా సంగతి పగలే తేలిపోవాలి. చీకట్లో చేయాల్సింది కొత్తగా నిర్ణయించడం కాదు. పగలు పెట్టుకున్న షరతులన్నీ కుదిరాయా లేదా అని సరిచూసుకోవడమే. ఒక్కటి కుదరకపోయినా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి.

ముందు కాగితం

పందినైనా, దుప్పినైనా మన దేశంలో ఇష్టమొచ్చినట్టు వేటాడటానికి లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 9వ సెక్షన్ వేటను నిషేధించింది. పంటకో, ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు మాత్రం అధికారం ఉన్న అధికారి కారణాలు రాసి, లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. అది 11వ సెక్షన్. 2022లో సవరించిన చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక అడవి పంది, దుప్పి రెండూ రెండో షెడ్యూల్లోనే ఉన్నాయి. అయినంత మాత్రాన పందికి ఇచ్చిన కాగితం దుప్పికి చెల్లదు. అనుమతి జంతువు పేరుతో, ఊరి పేరుతో, గడువుతో వస్తుంది. పంది అని రాసి ఉంటే పందే. ఆ ఊరి శివారు దాటి గజం పక్కన కాల్చినా అది వేట కిందికే వస్తుంది.

పంది విషయంలో ఈ అధికారాన్ని కింది స్థాయికి, సర్పంచుల దాకా ఇస్తూ మన రాష్ట్రంలో ఉత్తర్వులు వచ్చాయి. మీరు వెళ్లే రోజున ఎవరి సంతకం చెల్లుతుందో రేంజ్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. "సంతకం రేపొస్తది సారూ, ఇయ్యాల కానియ్యండి" అంటే మంచె ఎక్కొద్దు. రాత్రి కాల్పులకు అనుమతి ఉన్నట్టు కాగితంలో స్పష్టంగా లేకపోతే, ఉందని ఊహించుకోవద్దు.

తుపాకీ సంగతీ అంతే. లైసెన్సు ఎవరి పేర ఉందో ఆ చేతిలోనే ఉండాలి. ఊళ్లో ఎవరి ఇంటి చూరులోనో దాచిన నాటు తుపాకీ తెచ్చి "దీంతో కొట్టండి" అంటే మర్యాదగా లేచి వచ్చేయండి. కిన్నెరసాని అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు కాపురముండే లైసెన్సుదారులు తమ పేర్లను వన్యప్రాణి విభాగం దగ్గర కూడా నమోదు చేయించుకోవాలని చట్టంలోని 34వ సెక్షన్ చెబుతోంది. పాల్వంచ చుట్టుపక్కల వాళ్లకు ఇది నేరుగా వర్తిస్తుంది. ఇక సుమారు 635 చదరపు కిలోమీటర్ల ఆ అభయారణ్యం లోపల వేటాడితే శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పోతుంది. జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు.

పోడు పట్టా చేతికొచ్చిన కుటుంబాలకు ఇంకో మాట. 2006 నాటి అటవీ హక్కుల చట్టం భూమి మీద హక్కు ఇచ్చింది. తేనె, తునికాకు, ఇప్పపువ్వు లాంటి ఫలసాయం మీద హక్కు ఇచ్చింది. వేటను మాత్రం పేరు పెట్టి మరీ పక్కన పెట్టింది. తాతల నాటి నుంచి భూమి పండక్కి వేటకు వెళ్లిన ఆచారం కోయ గూడేల్లో ఉన్న మాట నిజమే. ఆ ఆచారం తెలిసిన పెద్దమనిషి పక్కన కూర్చుని "దుప్పి కూడా మేసింది కదా" అన్నప్పుడు వాదన పెట్టుకోవద్దు. కాగితం చూపించి, చదివి వినిపించండి.

ఒక ఫోను కూడా చేయాలి. చర్ల, దుమ్ముగూడెం వైపు చీకట్లో తుపాకీ పేలితే ఎవరూ దాన్ని పంది మీద తూటా అనుకోరు. ఇది కూంబింగులు చూసిన అడవి. ఏ రాత్రి, ఏ ఊరి శివారులో, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా ఉంటారో స్థానిక పోలీస్ స్టేషన్‌కు ముందే చెప్పండి. ఆ రాత్రి ఆ దారిలో తమ మనుషులు ఉంటారో ఉండరో వాళ్లు వివరించకపోవచ్చు. "వద్దు" అంటే మాత్రం కారణం అడగకుండా మానుకోండి.

నాలుగు గంటలకు చేలో నడక

సాయంత్రం నాలుగింటికి చేను చేరండి. తుపాకీ బండిలోనే ఉంచి, రైతును వెంటబెట్టుకొని చుట్టూ ఒక్కసారి నడవండి. అడుగుజాడలు, తోవలు, పంది పొర్లిన బురద రైతు ఎలాగూ చూపిస్తాడు. మీరు వెతకాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటిది కరెంటు తీగ. పక్క చేను ఆసామి పందుల కోసం జీఐ తీగ లాగి, రాత్రి పదింటికి లైనుకు కొక్కెం తగిలించే అలవాటు ఇంకా పోలేదు. 2024 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా కాటారం అడవిలో జంతువుల కోసం పరిచిన ఇలాంటి తీగ తగిలి గ్రేహౌండ్స్ కమాండో ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. ఆయుధం, శిక్షణ, తోటివాళ్లు అన్నీ ఉన్న మనిషికే అలా జరిగింది. చుట్టుపక్కల నాలుగు చేల ఆసాములను అడగండి. "లేదు సారూ" అన్నా గట్ల వెంట మేకుల కోసం, చెట్ల మొదళ్ల దగ్గర కట్టిన తీగ కోసం చూడండి. ఉచ్చులు, ఎరలో పెట్టిన నాటు బాంబులు కూడా అంతే. ఏ ఒక్కటి కనిపించినా ఆ రాత్రి పని రద్దు. ముట్టుకోకుండా బీట్ ఆఫీసర్‌కు, కరెంటోళ్లకు చెప్పండి.

రెండోది మనుషులు. అడవి అనగానే ఖాళీ జాగా అనుకుంటాం. ఖమ్మం, భద్రాచలం సరిహద్దు అడవి ఎన్నడూ ఖాళీగా ఉండదు. జనవరి నుంచి మిర్చి కోతకు ఛత్తీస్‌గఢ్ కూలీలు పిల్లాపాపలతో వస్తారు. చేల అంచున టార్పాలిన్ గుడారాల్లో పడుకుంటారు. చలికి నల్లటి గొంగళ్లు కప్పుకుంటారు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పచెట్ల కింద తెల్లారకముందే ఆడవాళ్లు బుట్టలు పట్టుకొని వంగి పువ్వు ఏరుతుంటారు. ఏప్రిల్ చివరి నుంచి తునికాకు. ఎండ ముదిరేలోపు కట్టలు కట్టాలని చీకటితోనే అడవికి పోతారు. వానాకాలం పంటప్పుడు పక్క చేను మంచె మీద ఇంకో కుటుంబం నిద్రపోతుంటుంది. దీపం లేని గొత్తికోయ గుంపు ఒకటి గుట్ట వెనక ఉండొచ్చు. ముక్కోటికి, శ్రీరామనవమికి భద్రాద్రికి కాలినడకన వెళ్లేవాళ్లు రాత్రిళ్లు కూడా నడుస్తారు.

ఇందులో ఏ ఒక్కరూ మీ రైతు చెప్పే జాబితాలో ఉండకపోవచ్చు. కాబట్టి అతన్ని "ఎవరైనా ఉంటారా?" అని అడగొద్దు. "ఎవరూ ఉండరు" అనేస్తాడు. పేరుపేరునా అడగండి. "మిర్చి కూలీలు ఎక్కడ దిగారు? రాత్రి బహిర్భూమికి ఏ వైపు పోతారు? తప్పిపోయిన గొడ్డు ఎవరిదైనా ఉందా? రాత్రి మోటారు వేయడానికి ఎన్నింటికి, ఎవరు పోతారు?" ఈ చివరి ప్రశ్న మరిచిపోవద్దు. రాత్రి రెండింటికి మోటారు స్విచ్చి వేయడానికి టార్చి కూడా లేకుండా గట్టు మీద నడిచివచ్చే మనిషి మన పల్లెల్లో మామూలే.

ఆ తర్వాత గుడారాల దగ్గరికి స్వయంగా వెళ్లండి. కోయ మాట తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లండి. ఈ రాత్రి ఫలానా వైపు రావద్దని, తుపాకీ పేలుతుందని, పిల్లల్ని కూడా పంపొద్దని చెప్పండి. గూడెంలో చాటింపు వేయించండి. తుపాకీతో వచ్చిన కొత్త మనిషిని చూస్తే పోడు చేసుకునేవాళ్లకు ముందు కలిగేది భయం, అనుమానం. 2022 నవంబర్ 22న చంద్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర ఎర్రబోడులో పోడు గొడవలో రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావు హత్యకు గురైన జిల్లా ఇది. అక్కడ భూమి తగాదా, ఇక్కడ పంది. రెండూ వేరు. కానీ చెప్పకుండా అడుగుపెట్టిన యూనిఫాంను చూసి గుడిసెలోని మనిషి ఆ తేడా పట్టలేడు. పగలు చెప్పిన ఒక మాట అతన్నీ కాపాడుతుంది, మిమ్మల్నీ కాపాడుతుంది.

రెండు కర్రలు, రేడియం స్టిక్కరు

ఇప్పుడు మంచె ఎక్కండి. ఇంకా వెలుతురుంది. ఏ వైపు కాల్చొచ్చో ఇప్పుడే గీత గీసుకోవాలి.

తూటా పంది దగ్గర ఆగిపోతుందన్న భ్రమ వదిలేయండి. చిన్నదనుకునే పాయింట్ టూ టూ తూటాయే కిలోమీటరు దాటి పోతుంది. పెద్ద రైఫిల్ తూటా అంతకు కొన్ని రెట్లు పోతుంది. గురి తప్పిన తూటా ఎక్కడ ఆగుతుందన్నదే అసలు ప్రశ్న. దీనికి మంచె ఇచ్చే సాయం ఏమిటో చిన్న లెక్కతో చూడొచ్చు. 4 మీటర్ల ఎత్తున కూర్చుని 40 మీటర్ల దూరంలోని పందిని కాల్చారు. తూటా దాని వీపును రాసుకుంటూ తప్పిపోయింది. అది ఇంకో 10 మీటర్లలో నేలకు తగులుతుంది. అదే గట్టు మీద నిలబడి కాలిస్తే 50 మీటర్లు దాటాక గానీ నేలను తాకదు. గట్టు మీద కూర్చుని కాలిస్తే తూటా దాదాపు నేలకు సమాంతరంగా పోతుంది, ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. మంచె కట్టేది బాగా కనిపించడానికని అనుకుంటాం. దాని పెద్ద ఉపయోగం భూమిని పంది వెనక గోడగా మార్చడం.

ఆ గోడ కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. దున్నిన మెత్తటి నేల తూటాను మింగుతుంది. బండరాయి, ఎండిన చెరువు కట్ట, వాగు నీళ్లు దాన్ని మళ్లిస్తాయి. నీటి మీద చిప్పరాయి విసిరితే ఎగిరెగిరి పోయినట్టే తూటా కూడా పక్కకు దూకుతుంది. మొక్కజొన్న దంట్లు, టేకు చెట్లు, తుప్పలు గోడ కిందికి రావు. గుట్ట అంచున ఆకాశం వెనకపెట్టుకొని నిలబడ్డ జంతువును కాల్చడం ఎప్పుడూ లేదు. దాని వెనక ఉన్నది అవతలి ఊరు.

పన్నెండు బోర్‌లో పెద్ద గుళ్లు వేసుకొనేవాళ్లకు ఇంకో లెక్క. చోక్ లేని గొట్టంలోంచి వచ్చిన గుళ్లు గజానికి సుమారు అంగుళం చొప్పున విచ్చుకుంటాయి. 40 గజాల దగ్గర అది మూడడుగులు దాటిన గుండ్రం. పందికి తగిలేవి కొన్ని, పక్క నుంచి పోయేవి కొన్ని. పక్క నుంచి పోయినవి కూడా మీరు పేల్చినవే.

కాబట్టి ఇలా చేయండి. మంచె మీద నుంచి చూస్తూ ఎడమ హద్దు, కుడి హద్దు నిర్ణయించండి. ఆ రెండు చోట్లా కర్రలు పాతించి, మంచె వైపు తిరిగేలా రేడియం స్టిక్కర్లు అంటించండి. దూరం హద్దుకు మూడో కర్ర. గుడారాలు, బాట, బోరు మోటారు, పక్క మంచె, ఇళ్లు, ఇవన్నీ ఆ కర్రల బయట మిగలాలి. అలా మిగలకపోతే మంచె జాగా మార్చండి. ఎక్కడికి మార్చినా కుదరకపోతే ఆ చేను తుపాకీకి పనికిరాదు. ఆ మాట ఆ సాయంత్రమే రైతుకు చెప్పేయండి. రాత్రి టార్చి వేయగానే రెండు మెరుపులు కనిపిస్తాయి. ఆ రెంటి మధ్య లేనిది ఎంత పెద్ద పంది అయినా మీది కాదు.

టార్చి వెలుగులో

చీకటి పడ్డాక పరీక్ష మొదలవుతుంది. ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి.

దుప్పి, కణుజు, ఆవు, మేక, కుక్క, వీటి కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. టార్చి వెలుగు పడగానే కళ్లు పచ్చగానో, తెల్లగానో, పసుపుగానో దీపాల్లా వెలుగుతాయి. పందికి ఆ పొర లేదు. దాని కన్ను మెరవదు, మహా అయితే సన్నగా ఎర్రబడినట్టు కనిపిస్తుంది. కాబట్టి మొదటి నియమం తేలికే. కళ్లు దీపాల్లా మెరిస్తే మీ జంతువు కాదు, ఆగండి.

ప్రమాదం రెండో సగంలో ఉంది. మెరవకపోతే పందేనా? ఆ పొర మనిషికి కూడా లేదు. చీకట్లో నల్ల గొంగడి కప్పుకొని గట్టు పక్కన కూర్చున్న కూలీ, వంగి ఇప్పపువ్వు ఏరుతున్న అవ్వ, కంకి దొంగిలించడానికి పాకుతూ వచ్చిన పిల్లగాడు, వీళ్ల కళ్లూ మెరవవు. పైగా వెలుగు పడగానే తల దించుకుంటారు. మెరుపు లేకపోవడం పందికి ఆనవాలు కాదు. మన అడవిలో కళ్లు మెరవనిది పంది ఒక్కటే కాదని, అందులో మనిషి కూడా ఉన్నాడని గుర్తుపెట్టుకోండి.

అందుకే జంతువును ఒక భాగం చూసి తేల్చొద్దు. మూతి కనబడాలి, నాలుగు కాళ్లు కనబడాలి, మెడ నుంచి వీపు మీదుగా వెనక్కి జారే గీత కనబడాలి. కదలాలి కూడా. పంది తల దించి నేల తవ్వుతూ, తోక ఆడిస్తూ కదులుతుంది. ఎలుగు కూడా నల్లగానే ఉంటుంది, కానీ దాని నడక ఊగుతుంది, ఒంటి మీద జూలు వేలాడుతుంది. ఎలుగైతే ఊపిరి బిగబట్టి కూర్చోవడమే. కంకుల మధ్య నల్లటి ముద్ద, ఆకుల చప్పుడు, "పందే సారూ" అన్న హామీ, ఈ మూడూ కలిపినా గుర్తింపు కాదు.

గుర్తుపట్టడానికి తుపాకీ మీది స్కోపు వాడొద్దు. దాంతో ఏం చూస్తే తుపాకీ గొట్టం అటే తిరిగి ఉంటుంది. మనిషా, పందా అన్న అనుమానం తీరకముందే అతని గుండెకు గురిపెట్టినట్టు అవుతుంది. బైనాక్యులరో, చేతి టార్చో వాడండి. వేడిని చూపించే థర్మల్ పరికరం ఉన్నా అదే జాగ్రత్త. ముడుచుకొని కూర్చున్న మనిషీ, పడుకున్న గొడ్డూ అందులో వెచ్చని ముద్దలుగానే కనిపిస్తాయి.

గుర్తింపు అయ్యాక నాలుగు ప్రశ్నలు. కర్రల మధ్యే ఉందా? దాని వెనక మెత్తని నేల కనిపిస్తోందా? గుంపులో ఇంకోటి దాని వెనక నిలబడిందా? నా జట్టులో ప్రతి మనిషీ ఎక్కడున్నాడో ఈ క్షణాన నాకు తెలుసా? నాలుగింటికీ అవును, అవును, లేదు, తెలుసు అని జవాబు వస్తేనే. ఏ ఒక్కదానికైనా "అనుకుంటా" అని వస్తే దాన్ని కుదరనట్టే లెక్కవేయండి.

"కొట్టు" అనే మాట నిషేధం

జట్టులో ఒకే తుపాకీ ఉండాలి. రాత్రిపూట పందుల్ని తరిమి తుపాకీ ముందుకు తోలించడం వద్దే వద్దు. పగలు, రెండు తుపాకులతో, బీట్ ఆఫీసర్ ఒప్పుకొని తోలించాల్సి వస్తే ఫ్రాన్స్‌లో అడవి పంది వేటలో పాటించే పద్ధతి మనకూ పనికొస్తుంది. ఇద్దరు షూటర్లు ఒక వరుసలో నిలబడతారు. ప్రతి ఒక్కరూ పక్కవాడి వైపు అయిదడుగులు వేసి, అక్కడి నుంచి ముందుకు మూడడుగులు వేసి కర్ర పాతుకుంటారు. తన జాగా నుంచి ఆ కర్ర దాకా గీసిన గీత సుమారు 30 డిగ్రీల కోణం. ఆ గీతకూ పక్కవాడికీ మధ్య తుపాకీ ఎన్నటికీ తిరగదు.

మంచె ఎక్కే ముందు తలలు లెక్కపెట్టండి. ఆరుగురు వచ్చారంటే ఆరుగురికీ చోటు చెప్పండి. టార్చి మూడుసార్లు ఆర్పి వెలిగించే దాకా ఎవరూ కదలకూడదు, మూత్రానికైనా సరే. అందరికీ నారింజ రంగు మెరిసే జాకెట్లు వేయించండి. దుప్పి వేట చట్టబద్ధమైన అమెరికాలో చాలా రాష్ట్రాలు ఈ రంగును తప్పనిసరి చేశాయి. జింక జాతికి ఎరుపు, నారింజ రంగులు మనకు కనిపించినట్టు కనిపించవు. పంది చూపు కూడా దాదాపు అంతే. జంతువు పట్టించుకోదు, మనిషి మాత్రం ఎదుటివాడికి స్పష్టంగా కనిపిస్తాడు.

మాటకు కూడా కట్టుబాటు పెట్టండి. "కొట్టు", "పేల్చు", "పోతోంది" అనే మాటలు ఎవరూ అనకూడదు. షూటర్ తప్ప ఇంకెవరైనా అనదగిన మాట ఒక్కటే, "ఆగు". అది టార్చి పట్టే కుర్రాడు అన్నా, రైతు అన్నా, రైతు కొడుకు అన్నా తుపాకీ దిగాల్సిందే. ఎందుకన్నాడో తర్వాత అడగొచ్చు.

తుపాకీలో తూటా మంచె ఎక్కి కుదురుకున్నాకే పడాలి. దిగేముందు తీసేయాలి. గట్టు దాటేటప్పుడు, వాగు దాటేటప్పుడు ఖాళీ తుపాకీయే. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టం అదే వైపు ఉంచి కనీసం అర నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. ఇప్పసారా మర్యాదకు ఇచ్చినా చేతులు జోడించి పక్కన పెట్టండి. "పని అయ్యాక బాబాయ్" అంటే ఎవరూ నొచ్చుకోరు. రాత్రి రెండు దాటాక కళ్లు లేనివి చూడటం మొదలుపెడతాయి. రెప్పలు బరువెక్కితే తూటాలు తీసి పడుకోండి.

పేల్చాక

పంది పడ్డా వెంటనే దిగొద్దు. కిందపడ్డది లేచి మీదికొస్తుంది. గాయపడి తుప్పల్లో దూరితే చీకట్లో వెంటపడటం ఆత్మహత్యతో సమానం. నెత్తురు చుక్క ఎక్కడ మొదలైందో గుర్తుపెట్టి, తెల్లారాక బీట్ ఆఫీసర్‌తో, కనీసం ఇద్దరు తోడుగా వెతకండి. వెతికే బాధ్యత మాత్రం వదిలేయొద్దు. గాయంతో తిరిగే పంది మరునాడు తునికాకు కోసే మనిషి మీద పడుతుంది.

చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి. మాంసం పంచుకోవడం కుదరదు. పంచనామా అయ్యేదాకా అక్కడే ఉంచండి. పొరపాటున దుప్పిని కొట్టినట్టయితే దాచే ఆలోచన చేయొద్దు. వెంటనే రేంజ్ ఆఫీసుకు చెప్పండి. అభయారణ్యం బయట దుప్పిని వేటాడినా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. దాచిపెడితే పొరపాటు అనే మాట చెప్పుకొనే అవకాశం కూడా పోతుంది.

కూలి ఎలా మాట్లాడుకోవాలి

ఇది చివరికి రాసినా అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సినది. జంతువుకింత అని ఒప్పందం పెట్టుకోవద్దు. అలా పెట్టుకుంటే కాల్చని ప్రతి రాత్రీ జేబులోంచి డబ్బు పోయినట్టే ఉంటుంది. అనుమానం వచ్చినప్పుడు ఆ డబ్బు వేలిని ముందుకు తోస్తుంది. ఖర్చు ఎవరు పెట్టినా రాత్రికింత అని, దారి ఖర్చు వేరే అని మాట్లాడుకోండి. కాల్చినా, కాల్చకపోయినా అంతే. రైతుకు కూడా ముందే చెప్పండి. "బాబాయ్, నేను వచ్చినంత మాత్రాన పేలుతుందని కాదు. కుదిరితేనే." మొదట మొహం చిట్లించినా ఆ మాట ఉన్న షూటర్‌నే మళ్లీ పిలుస్తారు.

ఒక నోటుబుక్ పెట్టుకోండి. తేదీ, చేను, మంచె దిక్కు, కర్రల హద్దులు, ఎంతమంది ఉన్నారు, ఏం కనిపించింది రాయండి. కాల్చని రాత్రి "కాల్చలేదు" అని రాసి పక్కన కారణం రాయండి. "11:40, గుంపు కుడి కర్ర బయట." "2:10, మోటారు దగ్గర మనిషి." "3:00, దుప్పులు ఏడు, కళ్లు మెరిశాయి." పది రాత్రులు రాస్తే పందులు ఏ వైపు నుంచి వస్తున్నాయో, మంచె ఏ మూలకు మార్చాలో ఆ పేజీలే చెబుతాయి. పంట నష్టానికి దరఖాస్తు పెట్టుకొనే రైతు రేంజ్ ఆఫీసులో చూపించడానికీ అవి ఉపయోగపడతాయి.

తెల్లారి మంచె దిగాక తూటాలు లెక్కపెట్టుకొని, ముగ్గురికీ వినబడేలా సంఖ్య చెప్పి, కర్రలు పీకేయండి. కాసేపటికి మిర్చి కూలీలు మీ కర్రలు పాతిన గట్టు మీదుగానే చేలోకి వరుసగా నడిచి వెళ్తారు. వాళ్లలో ఎవరు రాత్రి ఆ వైపు వచ్చారో, ఎవరు రాలేదో మీకు తెలిసే అవకాశం లేదు. నోటుబుక్‌లో ఆ రాత్రి పక్కన "కాల్చలేదు" అని ఉంటే, తెలియాల్సిన అవసరమూ లేదు.